ఎంత తగ్గితే బాగున్నట్టు?

బరువు తగ్గడం మంచిదేనని మన కాలం దాదాపు విచారణ లేకుండానే ఒప్పుకుంది. తగ్గినవారిని అభినందిస్తాం, పెరిగినవారికి అడగకపోయినా సలహా ఇస్తాం. ఈ రెండు పనుల వెనుకా ఒక తీర్పు ఉందన్న సంగతి కూడా మనకు తట్టదు. ఆ తీర్పును పరీక్షించుకోవడానికి తగిన సందర్భం ఒకటుంది. జీర్ణాశయాన్ని చిన్నది చేసే బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్న మనిషి, ఏళ్లు గడిచాక కూడా ఇంకా తగ్గుతూనే ఉంటే దాన్ని ఏమనాలి? గెలుపు కొనసాగుతోందనాలా, ఎక్కడో ఏదో తప్పుతోందనాలా? ఇది వైద్యులు తేల్చాల్సిన విషయమని అనిపిస్తుంది. కొంత దూరం వరకు అది నిజం. ఆ దూరం దాటాక మాత్రం ఇది మంచి బతుకంటే ఏమిటన్న ప్రశ్న అవుతుంది. ఆ ప్రశ్న ముందు వైద్యుడికీ మనకూ తేడా లేదు.

ముందు శరీరం మామూలుగా నడిచే దారి చూద్దాం. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు ముప్పాతిక భాగం కోసి తీసేస్తారు. సన్నని గొట్టం లాంటి భాగమే మిగులుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పైన చిన్న సంచిని మాత్రం ఉంచి, దాన్ని చిన్న పేగులో కింది భాగానికి కలుపుతారు. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ ఆరంభించిన మార్గం అది. ఆ తర్వాత మనుషులకు ఏమవుతుందో ఎంతో ఓపికగా గమనించిన దేశం స్వీడన్. అక్కడ 1987లో మొదలైన అధ్యయనం, ఆపరేషన్ చేయించుకున్న సుమారు రెండు వేల మందినీ, చేయించుకోని దాదాపు అంతమందినీ దశాబ్దాల పాటు పరిశీలించింది. బరువు ఏడాది రెండేళ్లలో అన్నిటికంటే తక్కువకు చేరింది, తర్వాత కొంత తిరిగొచ్చింది, ఆపైన ఒకచోట కుదురుకుంది. బైపాస్ చేయించుకున్నవారు పదేళ్లకు తమ మొదటి బరువుకన్నా సగటున పాతిక శాతం తక్కువగా ఉన్నారు. మరణాలు తగ్గాయని 2007లో తేలింది. ఆపరేషన్ చేయించుకున్నవారి ఆయుర్దాయం, చేయించుకోని స్థూలకాయులకన్నా సుమారు మూడేళ్లు ఎక్కువని 2020లో ప్రకటించారు. అందుచేత ఈ చికిత్సను అందం కోసం పడే ఆరాటంగా కొట్టిపారేయడం అన్యాయం. ఇది ప్రాణాలు నిలిపే పని. మనం అడుగుతున్న ప్రశ్న ఆపరేషన్ గురించి కాదు. అది ఇచ్చిన మేలు ఎక్కడిదాకా మేలుగా ఉంటుందన్నదే మన ప్రశ్న.

ఆలోచనకు ఒక ఆధారం కావాలి కాబట్టి ఒక మనిషిని ఊహించుకుందాం. మరిపెడ బంగ్లా సెంటర్లో చీరల దుకాణం నడిపే నలభై నాలుగేళ్ల స్త్రీ. ఆరేళ్ల కిందట ఆమె బరువు 112 కిలోలు. షుగరు, మోకాళ్ల నొప్పులు, రాత్రిళ్లు ఊపిరి అందకపోవడం. పొదుపు చేసుకున్న సొమ్ముకు కొంత అప్పు కలిపి హైదరాబాద్ వెళ్లి స్లీవ్ చేయించుకుంది. రెండేళ్లకు 74కు వచ్చింది, షుగరు మాత్రలు ఆగిపోయాయి. అక్కడ కుదురుకుంటుందని డాక్టర్లు చెప్పారు. కుదురుకోలేదు. పోయిన ఏడాది 62 కిలోలుండేది, ఇప్పుడు 58. ఇంకా దిగుతోంది. ఆమె ఎత్తుకు ఈ బరువు చార్టులో దాదాపు సరిగ్గానే ఉంది. ఆమె కూడా సంతోషంగానే ఉంది. అలాంటప్పుడు మనకెందుకు కలత?

ఆమె దుకాణానికి రెండు రకాల మాటలు వస్తాయి. కాలేజీ పిల్లలు వచ్చి “మస్తు సన్నబడ్డవ్ అక్కా, మాకు గూడ జెప్పు” అంటారు. ఊరి పెద్దామె ఒకరు గుమ్మంలోనే ఆగి “ఏంది బిడ్డా, గిట్ల ఎండిపోతున్నవ్, పానం మంచిగుంటలేదా?” అని అడుగుతుంది. మొదటిది కొత్త కాలపు మెచ్చుకోలు, రెండోది పాత కాలపు అమాయకత్వం అని సర్దేసుకోవడం సులువు. అయితే ఆ పెద్దామె మాటను అమాయకత్వమని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. దాని వెనుక ఒక ప్రాంతపు అనుభవం ఉంది.

ఈ ప్రాంతం ఆకలిని చాలా దగ్గరగా చూసింది. ఆకలిగొన్నవారి పక్షాన ఎలుగెత్తి జైలుకెళ్లిన దాశరథి కృష్ణమాచార్య 1925లో పుట్టిన చిన్నగూడూరు మరిపెడకు పక్క ఊరే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చేదాకా వరి అన్నం పండగకే వండుకున్న ఇళ్లు ఇక్కడ ఎన్నో. అటువంటి చోట ఒళ్లు చేయడం కలిమికి గుర్తు, ఒళ్లు తగ్గడం ఆపదకు గుర్తు. క్షయ వచ్చినవాడు మొదట చిక్కిపోతాడని ఊళ్లో ఎవరూ పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగోవంతు మంది ఇప్పటికీ మన దేశంలోనే ఉన్నారు. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలతో పాటు బరువు తగ్గడం గురించి కూడా ఆరోగ్య కార్యకర్తలు ఇప్పటికీ మొదటే అడుగుతారు. కాబట్టి పెద్దామె ప్రశ్న ఎన్నో మరణాలు నేర్పిన ప్రశ్న. అదే సమయంలో దాన్ని మొత్తంగా నమ్మడానికీ వీల్లేదు. తగ్గినప్పుడల్లా రోగమే అనుకునే చూపు, 112 కిలోల దగ్గర ఆ స్త్రీ పడిన బాధను ఏనాడూ రోగంగా చూడలేదు. “కలిగినింటి మనిషి” అని నవ్వి ఊరుకుంది.

కొత్త చూపుకూ పాత చూపుకూ మధ్య మనం ఉన్న స్థితిని లెక్కలు కూడా చెబుతాయి. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 30.1 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు, 18.8 శాతం మంది ఉండాల్సినదానికన్నా తక్కువ బరువుతో ఉన్నారు. 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండు బాధలూ ఉంటాయి. లావుగా ఉన్న మనిషికే రక్తం తక్కువగా ఉండవచ్చు. ఇలాంటి చోట లావు, సన్నం అన్న రెండు మాటలతో ఆరోగ్యాన్ని కొలవబోతే తప్పుతాం.

అంకెతో కొలిస్తే? మన స్త్రీ కూడా అదే అంటుంది: చార్టులో సరిగ్గా ఉన్నాను కదా అని. ఆ చార్టు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఎత్తుకూ బరువుకూ ఉన్న ఆ నిష్పత్తిని పంతొమ్మిదో శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెట్లే కనుక్కున్నాడు. ఆయన వెతికింది ఆరోగ్యవంతుణ్ణి కాదు, సగటు మనిషిని. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టి వాడుకలోకి తెచ్చాడు. పెద్ద సమూహాలను పోల్చడానికి అది పనికొస్తుంది. ఒక మనిషి లోపల ఏముందో మాత్రం అది చెప్పదు. 2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి కొలతలే పక్కపక్కన పెట్టి చూపించారు. ఇద్దరి సూచీ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన దేశపు శరీరాలు సన్నగా కనిపిస్తూనే కొవ్వును దాచుకుంటాయి. అలాంటి శరీరం ఏటా నాలుగు కిలోలు తగ్గుతుంటే పోతున్నది కొవ్వా, కండా, ఎముకా? కాటా అన్నిటినీ ఒకే అంకెలో కలిపేస్తుంది. మన స్త్రీ బరువు 52కు పడినా చార్టు ఆమెను సరిగ్గానే ఉన్నావంటుంది. వైద్యం మాత్రం వేరొక ప్రశ్న అడుగుతుంది. కావాలని ప్రయత్నించకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలో ఐదు శాతానికి మించి బరువు పోతే కారణం వెతకాలి. 62 నుంచి 58కి రావడం ఆరు శాతం పైమాటే. ఎంత ఉందన్నదాని కంటే ఎటు పోతోంది, ఎందుకు పోతోంది అన్నవే ఇక్కడ ముఖ్యం.

కారణాలు చాలా ఉండవచ్చు. మిగిలిన గొట్టం ఒకచోట ఇరుకై, తిన్నది నిలవకపోవచ్చు. వాంతులు ఎక్కువైతే తయామిన్ పడిపోయి నరాలు, మెదడు దెబ్బతింటాయి. తొలిరోజుల్లో వాంతి అయిన భయంతో ఆమె పప్పు, గుడ్డు, మాంసం మానేసి నాలుగు ముద్దల పెరుగన్నంతో గడుపుతూ ఉండవచ్చు. థైరాయిడ్, మళ్లీ తలెత్తిన షుగరు, క్షయ, క్యాన్సర్, దిగులు కూడా కారణాలు కావచ్చు. బి12 లాంటివి కాలేయంలో నిల్వ ఉంటాయి కాబట్టి వాటి లోపం వెంటనే తెలియదు, ఏళ్లు గడిచాక అరికాళ్ల తిమ్మిరిగానో మతిమరుపుగానో బయటపడుతుంది. ఇవేవీ కాకపోవచ్చు కూడా. ఆమె రోజూ నడుస్తూ, సరిగ్గా తింటూ, నెమ్మదిగా తన కొత్త బరువు దగ్గరికి చేరుతూ ఉండవచ్చు. అది మంచి సంగతే. అయితే మంచి సంగతో కాదో పరీక్షించి చూశాకే తెలుస్తుంది. పరీక్షించకుండా పడే సంతోషానికీ, పరీక్షించకుండా పడే భయానికీ తర్కం దృష్టిలో పెద్ద తేడా లేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం రావచ్చు. “ఆమె తన నిగ్రహంతో తగ్గుతోంది. తిండి మీద అదుపు సాధించిన మనిషిని అనుమానించడం ఏమి న్యాయం?” దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆకలిని జయించినవారిని మన సంస్కృతి ఎప్పుడూ గౌరవించింది. 1952లో పొట్టి శ్రీరాములు 58 రోజులు అన్నం ముట్టకుండా ప్రాణం విడిచిన కథ మన రాష్ట్రాల చరిత్రలోనే ఉంది. అందుకే లావుగా ఉన్న మనిషిలో నిగ్రహం లేదని, సన్నబడ్డ మనిషిలో అది ఉందని అనుకోవడం మనకు సహజంగా వస్తుంది. ఆ సహజత్వాన్నే మనం ప్రశ్నించాలి.

1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం మొదలైంది. ఇందాక చెప్పిన ఆన్సెల్ కీసే దాన్ని నడిపించాడు. యుద్ధంలో కరువు పాలైన జనానికి తిరిగి తిండి పెట్టడం ఎలాగో తెలుసుకోవడం దాని ఉద్దేశం. అందులో చేరిన 36 మంది యువకులు, మనిషిని చంపడానికి మనస్సాక్షి ఒప్పుకోక తుపాకీ పట్టడానికి నిరాకరించినవారు. యుద్ధానికి బదులు తమ శరీరాలను ఇచ్చారు. ఆరు నెలల పాటు రోజుకు సుమారు 1,570 కేలరీలతో బతికి, ఒంటి బరువులో పాతిక శాతం దాకా పోగొట్టుకున్నారు. తర్వాత వారిలో వచ్చిన మార్పు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. ప్రపంచ శాంతి గురించి మాట్లాడుకున్నవారు వంటల పుస్తకాలు చదవసాగారు. కలల్లో, మాటల్లో, చూపుల్లో తిండే. స్నేహాలు, హాస్యం, ప్రేమ ఆవిరైపోయాయి. శరీరం కూడా పొదుపుకు దిగి, విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తిని దాదాపు నలభై శాతం తగ్గించుకుంది. నైతిక బలంలో సామాన్యులు కారు వీళ్లు. అలాంటివారి మనసునే ఆకలి ఇంతగా ఆక్రమించిందంటే, అన్నం ముందు ఓడిపోయిన మామూలు మనిషిని నైతికంగా బలహీనుడనే హక్కు మనకెక్కడిది?

బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవారు కూడా పాతిక శాతం, ముప్పై శాతం బరువు పోగొట్టుకుంటారు. అయినా చాలామందిలో ఆ పిచ్చి ఆకలి కనిపించదు. ఎందుకు? 1999లో జపాన్ శాస్త్రవేత్తలు మసయాసు కోజిమా, కెంజీ కంగావా గ్రెలిన్ అనే హార్మోన్‌ను కనుగొన్నారు. అది ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో పుట్టి, ఆకలి వేస్తోందని మెదడుకు చెబుతుంది. పథ్యంతో బరువు తగ్గినవారిలో అది పెరుగుతుంది. స్లీవ్‌లో కోసి తీసేసేది సరిగ్గా అది పుట్టే భాగాన్నే. పైగా ఈ ఆపరేషన్ల తర్వాత కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు కూడా పెరుగుతాయి. అంటే ఒకే బరువు, ఒకే తగ్గుదల, రెండు వేరువేరు మనసులు. మిన్నెసోటా యువకుడు ప్రతి ముద్ద దగ్గరా యుద్ధం చేశాడు. మరిపెడ స్త్రీకి ఆ యుద్ధమే రాలేదు. ఆమెది నిగ్రహమే అయితే అతనిది ఓటమి అనాలి. ఆ మాట మనస్సాక్షి ఉన్నవారెవరూ అనలేరు.

అలాగని ఆమెలో మెచ్చదగింది ఏమీ లేదా? ఇక్కడ జాగ్రత్తగా నడవాలి. శరీర రసాయనాలే అన్నీ చేస్తాయంటే మనిషికి బాధ్యతే మిగలదు. నేను ఆలోచించినంత మేరకు, బాధ్యత పోలేదు, దాని చోటు మారింది. ఆకలిని అణచడం ఇప్పుడు ఆమె పని కాదు. ఆకలి చెప్పకపోయినా తినవలసినది తినడం, జీవితాంతం విటమిన్ మాత్రలు వేసుకోవడం, ఏడాదికోసారి రక్తం పరీక్ష చేయించుకోవడం, కండ కరిగిపోకుండా బరువులు ఎత్తడం ఆమె పనులు. వీటిని ఎవరూ చప్పట్లు కొట్టి మెచ్చుకోరు. కడుపు కాల్చుకున్నవారిని కీర్తించే అలవాటు మనకుంది గానీ, ఆకలి లేకపోయినా బుద్ధితో రెండు గుడ్లు తిన్న మనిషిని కీర్తించే అలవాటు లేదు. ఆమె విషయంలో వివేకం ఈ రెండోదే.

మత సంప్రదాయాలు ఉపవాసం గురించి మనకన్నా ఎక్కువ కాలం ఆలోచించాయి. వాటిని నమ్మినా నమ్మకపోయినా ఆ ఆలోచనను వినడం మేలు. శనివారం ఒక్కపొద్దు ఉన్న ఇల్లాలు రాత్రికి పలహారం చేస్తుంది. రంజాన్ ఉపవాసం సూర్యాస్తమయంతో ముగుస్తుంది. రోగికీ, గర్భిణికీ, ప్రయాణంలో ఉన్నవాడికీ మినహాయింపు కూడా ఉంది. దోర్నకల్ కెథడ్రల్ నీడలో లెంట్ పాటించే కుటుంబాలకు ఈస్టర్ ఉంది. ఈ సంప్రదాయాలన్నీ ఆకలికి హద్దు గీశాయి, ఆ హద్దును ఒక్క మనిషి ఇష్టానికి వదలకుండా సమాజం చేతిలో పెట్టాయి. ఆ హద్దులు దైవం గీసినవా, మనుషుల అనుభవం గీసినవా అన్నది వేరే చర్చ. సర్జరీ తర్వాతి తగ్గుదలకు మాత్రం అటువంటి సాయంత్రం ఎవరూ ఏర్పాటు చేయలేదు. ఆపరేషన్ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే నియమాలు ఉన్నాయి. 1991లో అమెరికా వైద్యులు రాసుకున్న నియమం, 2022లో సవరించిన నియమం, ఆసియావారికి వేరుగా తగ్గించిన అంకె, అన్నీ ఉన్నాయి. ఎక్కడ ఆగాలన్నదానికి మాత్రం ప్రతి మనిషికీ విడిగా సమాధానం వెతకాల్సిందే.

అరిస్టాటిల్ ఈ ఇబ్బందిని ముందే పసిగట్టాడు. పది ఎక్కువ, రెండు తక్కువ అయితే ఆరు సరి అని లెక్కగట్టడం మనుషుల విషయంలో చెల్లదని ఆయన అన్నాడు. మల్లయోధుడు మైలోకు ఆరు పాళ్ల ఆహారం చాలదు, అప్పుడే సాము మొదలుపెట్టినవాడికి అదే ఎక్కువ. మధ్యమం అంటే సగటు కాదు, ఈ మనిషికి, ఈ పనికి, ఈ సమయానికి తగినది. అంతకు ముందే, మనకు దగ్గరగా, బుద్ధుడు ఇదే సత్యాన్ని తన ఒంటి మీద పరీక్షించి తెలుసుకున్నాడని బౌద్ధులు చెబుతారు. ఎముకలు తేలేదాకా ఎండి, అది విముక్తికి దారి కాదని గ్రహించి, సుజాత ఇచ్చిన పాయసం తిన్నాడు. వెంట ఉన్న ఐదుగురు తాపసులు ఆయన దిగజారాడని విడిచి వెళ్లిపోయారు. ఖమ్మం దాటితే నేలకొండపల్లిలో ఆ బోధకు గుర్తుగా స్తూపం ఇప్పటికీ ఉంది. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆపేది పాయసం కాదు, వెళ్లిపోయిన ఆ ఐదుగురు. తినడం మొదలుపెట్టినవాడిని పతనమయ్యాడనుకునే చూపు అంత పాతది.

ఆ చూపు మన కాలంలో ఎంత బలపడిందో తెలుగు ప్రేక్షకులకు వేరే చెప్పనక్కర్లేదు. 2015 జూన్‌లో నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలో 31 ఏళ్లకే మరణించారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. లైపోసక్షన్, బేరియాట్రిక్ సర్జరీ ఒకటి కావు. మొదటిది చర్మం కింది కొవ్వును తీసే పని, రెండోది రోగానికి చికిత్స. రెండిటినీ ఒకే గాటన కట్టి అవసరమైనవారిని భయపెట్టడం తప్పు. ఆమె బతికున్నప్పుడు ఆమె ఒంటి గురించి సాగిన వ్యాఖ్యలను మాత్రం మనం మరచిపోకూడదు.

లోపలి గాయాల గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో బైపాస్ చేయించుకున్నవారిని పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితాల్లో మొత్తం మరణాలు 40 శాతం తగ్గాయి. రోగాల వల్ల కాకుండా ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి కారణాలతో జరిగిన మరణాలు మాత్రం 58 శాతం ఎక్కువగా కనిపించాయి. ఆపరేషన్ తర్వాత రెండో ఏట మద్యపాన సమస్యలు పెరుగుతున్నాయని 2012లో మరో పరిశీలన చెప్పింది. బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి వేగంగా చేరుతుంది. తిండి ఇచ్చే ఊరట పోయినప్పుడు మనసు వేరొకదాన్ని వెతుక్కుంటుందని కొందరంటారు. అది పూర్తి వివరణ కాకపోవచ్చు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవచ్చు. ఒళ్లు తేలికైనంత మాత్రాన బతుకు తేలికవుతుందన్న హామీ లేదు. మన స్త్రీ తగ్గుతూ ఉండటానికి కారణం ఇరుకైన గొట్టమే అయితే ఎండోస్కోపీ దాన్ని చూపిస్తుంది. మళ్లీ లావైతే తనను ఎవరూ గౌరవించరన్న భయమే కారణమైతే దాన్ని ఏ యంత్రం చూపిస్తుంది?

ఆమె నిర్లక్ష్యం చేస్తోందని అనే ముందు మన వ్యవస్థను కూడా అడగాలి. ఇటువంటి ఆపరేషన్లు ఎక్కువగా నగరాల్లోని ప్రైవేటు ఆసుపత్రుల్లో జరుగుతాయి. హైదరాబాద్ ఉస్మానియా వంటి ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగినప్పుడు అది వార్త అయింది. ఆపరేషన్ ఒక రోజు, ఫాలో-అప్ మిగిలిన జీవితమంతా. మరిపెడ నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాద్ పోయి రావాలంటే దుకాణం ఒక రోజు మూసుకోవాలి, ఛార్జీలు, పరీక్షలు, మాత్రల ఖర్చు వేరే. మొదటి ఏడాది ఫోన్ చేసిన ఆసుపత్రి ఆరో ఏట చేస్తుందన్న నమ్మకం లేదు. మహబూబాబాద్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇనుము, బి12, విటమిన్ డి, ప్రొటీన్ స్థాయి చూడటం, క్షయ లేదని తేల్చడం, సన్నబడుతున్న మనిషిని కూర్చోబెట్టి నిన్న ఏం తిన్నావని అడగడం, ఇవన్నీ అక్కడ జరగాల్సిన పనులు. శరీరాన్ని మార్చే శక్తి సంపాదించిన విజ్ఞానం, ఆ మారిన శరీరాన్ని కడదాకా చూసుకునే బాధ్యతను రోగి ఒక్కరి మీద వదిలేయడం నా దృష్టిలో నైతికంగా నిలవదు. 2025 నుంచి బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా మన మార్కెట్లోకి వచ్చాయి. అవి వాడేవారి విషయంలోనూ ఇదే ప్రశ్న తలెత్తుతుంది.

ఇప్పుడు కష్టమైన మలుపు. పరీక్షలన్నీ చేశారనుకుందాం. రోగం ఏమీ లేదు, తిండి కాస్త తక్కువ, కండ కొంత పోయింది. నాలుగు కిలోలు పెరగాలని డాక్టరు చెప్పారు. అంతా విని, అర్థం చేసుకుని, ఆమె “నాకు ఇట్లనే బాగుంది” అంటే? ఆమెను బలవంతపెట్టే హక్కు మనకు లేదు. ముప్పై ఏళ్లు తన శరీరం గురించి ఇతరుల మాటలే విన్న మనిషి, మొదటిసారి తన మాట చెబుతోంది. దాన్ని గౌరవించాలి. గౌరవించడం అంటే ప్రశ్నించడం మానేయడం కాదని కూడా అనుకుంటాను. ఆ మాట ఆమె స్వేచ్ఛ చెబుతోందా, భయం చెబుతోందా అని ఆమెతో కలిసి అడిగి చూడవచ్చు. తేల్చుకోవాల్సింది ఆమే. ఆమె తల్లి కురవి వీరభద్రస్వామికి మొక్కుకుని ఉండవచ్చు, డాక్టరు కాగితం మీద అంకెలు గీసి ఉండవచ్చు. ఇద్దరూ ఆమె మేలే కోరారు. ఇద్దరిలో ఎవరూ ఆమె బదులు బతకలేరు.

ఆమె ఒంటరి కాదన్నది మాత్రం ఇంకా లెక్కలో మిగిలి ఉంది. ఆమెకు పద్నాలుగేళ్ల కూతురు ఉందనుకుందాం. అమ్మ కంచంలో ఎంత పెట్టుకుంటుందో రోజూ చూస్తుంది, దుకాణంలో అమ్మను ఎందుకు మెచ్చుకుంటారో వింటుంది. కొన్నాళ్లుగా ఆ పిల్ల కూడా అన్నం సగంలో వదిలేస్తోంది, బడికి టిఫిన్ వద్దంటోంది. ఎదిగే ఎముకలు, నెలనెలా పోయే రక్తం, చదువు, ఆట, అన్నీ ఉన్న వయసు అది. కోసి కుట్టిన జీర్ణాశయానికి సరిపోయే నాలుగు ముద్దలు ఆ పిల్లకు ఏ లెక్కన చూసినా చాలవు. తల్లి తన బరువు గురించి ఏం నిర్ణయించుకున్నా సరే, తన కడుపు ఎందుకు అలా మారిందో, తాను ఏ బాధతో ఆ ఆపరేషన్‌కు వెళ్లిందో, తన కంచం కూతురికి కొలత ఎందుకు కాకూడదో కూర్చోబెట్టి చెప్పడం ఆమె తప్ప మరొకరు చేయలేని పని. ఆ మాటలు చెప్పేటప్పుడు, తాను ఇంకా ఎందుకు తగ్గుతోందన్న ప్రశ్న ఆమెకే ఎదురు రావచ్చు.